నాలుగు కాళ్ళ మరదలు

మా తమ్ముడి దగ్గర పెళ్ళి మాటెత్తితే చాలు, "అయిపోయిందిగా అక్కా, ఇంకెన్నిసార్లు చేస్తావ్?" అనేవాడు. వాడి లెక్కలో పెళ్ళికూతురు లాయంలో చివరి గదిలో ఉండే ఆడగుర్రం. గోధుమరంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి మచ్చ. యజమాని పెట్టిన అసలు పేరు ఇంకేదో ఉంది గానీ, అది పలకాలంటే నాలుక రెండు మెలికలు తిరగాలి. అందుకని మావాడు దాన్ని చుక్కమ్మ అన్నాడు. నేను మరదలు అన్నాను. ఎగతాళికే అన్నాను. దండెం మీద ఆరేసిన కొత్త చొక్కా చెయ్యి నమిలేసిన రోజు నుంచి దానికీ నాకూ పడేది కాదు.

లాయం గోడకు ఇవతలే మా ఇల్లు. ముందుగదిలో నా కుట్టుమిషను, వెనకగదిలో వాడి మంచం. అమ్మ పోయేనాటికి వాడు పాలు మానీ మానని పసివాడు. నేనే పెంచాను. ముద్ద మింగనని మొండికేస్తే, నాలుకను అంగిలికి కొట్టి టక్‌టక్‌మని గుర్రం నడిచినట్టు చప్పుడు చేసేదాన్ని. వాడు నోరు తెరుచుకుని చూసేవాడు. ఆ సందులో ముద్ద పెట్టేసేదాన్ని. పెద్దయ్యాక నిజంగానే గుర్రాల దగ్గర పనికి కుదిరి, ఆ చప్పుడునే చుక్కమ్మకు అలవాటు చేశాడు. ఆవరణలో ఏ మూల ఉన్నా, వాడు టక్‌టక్‌మంటే అది చెవులు నిక్కించి వచ్చేసేది. వచ్చి మూతి చాపేది. వీడు తన ముక్కు దాని ముక్కుకు ఆనించి మెల్లగా ఊదేవాడు.

"ఛీ, అదేం పాడు అలవాటురా?" అంటే, "గుర్రాలు అలాగే పలకరించుకుంటాయక్కా. నా ఊపిరి తగిలితే దానికి నిమ్మళం," అనేవాడు.

లాయం ఆవరణలో పెద్ద పెద్ద మేడిచెట్లు ఉన్నాయి. ఎండ ముదిరితే గుర్రాలను వాటి నీడనే కట్టేవారు, దాణా తొట్లు కూడా అక్కడే పెట్టేవారు. కొండవైపు అడవి కొట్టేశాక ఆ కొమ్మల నిండా పెద్ద గబ్బిలాలు వచ్చి చేరాయి. పగలంతా తలకిందులుగా వేలాడుతూ ఒకటే గోల. కింద ఎంగిలి పళ్ళూ రెట్టలూ రాల్చేవి. వాటివల్ల కంపు తప్ప వేరే ప్రమాదం ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

పశువుల డాక్టరమ్మకు తోచింది. ఆవిడ ఉద్యోగమే అది. జంతువుల్లో ఉన్న రోగం మనుషుల వైపు ఎప్పుడు అడుగేస్తుందా అని కాపు కాయడం. ఆవిడ మనుషులు వచ్చి చెట్ల కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచి, వాటి మీద పడిన గబ్బిలాల ఉచ్చను చిన్న చిన్న సీసాల్లోకి ఎత్తుకుపోయేవారు. "దీనికోసమా డాక్టరమ్మా అంత చదువు చదివారు?" అని నేను వేళాకోళం చేస్తే ఆవిడ పకపకా నవ్వేది. ఒకసారి మాత్రం నవ్వలేదు. పనివాళ్ళందరినీ పిలిచి నిలబెట్టి, చెట్ల కింద గుర్రాలను కట్టొద్దనీ, తొట్లు లోపలికి మార్చమనీ, ఏ గుర్రానికి ఒళ్ళు వెచ్చబడినా మాస్కూ చేతితొడుగులూ లేకుండా దగ్గరికి పోవద్దనీ గట్టిగా చెప్పింది. ఆ సీసాల్లో ప్రాణాలు తీసే వైరస్ ఏదో దొరికిందట.

తొట్లు ఆ రోజే మార్చారు. కానీ అప్పటికే చుక్కమ్మ తినాల్సిన ఎంగిలేదో తినేసినట్టుంది. కొన్నాళ్ళకే ఒళ్ళు కాలిపోయి, ముక్కు వెంట నురగ మొదలైంది. తమ్ముడు డాక్టరమ్మకు కబురు పెట్టి, బుద్ధిగా మాస్కు పెట్టుకునే దాని గదిలోకి వెళ్ళాడు. నేను గోడ ఇవతల నిలబడి చూస్తున్నాను. సగం ముఖం తెల్లగా ఉన్న మనిషిని చూసి అది హడలిపోయింది. జ్వరానికి కళ్ళు మసకలు కమ్మాయో ఏమో, వాణ్ణి పోల్చుకోలేదు. వెనక్కి వెనక్కి పోయి గోడకేసి కొట్టుకుంటోంది.

"నేనే చుక్కమ్మా, నేనేనే," అన్నాడు. అది ఇంకా బెదిరింది. కాలు విరగ్గొట్టుకునేలా ఉంది. మావాడు మాస్కు లాగేశాడు.

"ఒరేయ్, పెట్టుకోరా!" అని అరిచాను.

"ఒక్క నిమిషమక్కా. నా ముఖం చూడనీ దాన్ని."

టక్‌టక్‌మన్నాడు. అది వచ్చింది. తల తెచ్చి వాడి భుజం మీద వాల్చేసింది. వాడు వట్టి చేత్తో దాని ముక్కు తుడిచి, ఎప్పటిలాగే మెల్లగా ఊదాడు. తర్వాత మాస్కు మళ్ళీ పెట్టుకున్నాడు.

రోగం గబ్బిలాలదేనని పరీక్షల్లో తేలింది. మిగతా గుర్రాలకు అంటలేదు. చుక్కమ్మను ఆవరణ చివర పాత షెడ్డులో ఒంటరిగా పెట్టారు. ఆ తర్వాత తమ్ముడికి తలనొప్పి మొదలైంది, జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో వాణ్ణీ అలాగే ఒంటరిగా పెట్టారు. గదికి ఒక గాజు కిటికీ. అటు వాడు, ఇటు నేను. మాట్లాడుకోవడానికి ఫోను.

నన్ను కూడా ఓ కంట కనిపెడుతూనే ఉన్నారు. రోజూ పొద్దున్నే ఆరోగ్యశాఖ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి జ్వరముందా, దగ్గుందా, తల తిరుగుతోందా అని అడిగేది. "ఏడుపొస్తోందమ్మా, దానికేమైనా మందుందా?" అని ఒకరోజు కసిరాను. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? "లేదండీ. రేపు మళ్ళీ చేస్తాను," అంది.

గాజుకు అటునుంచి వాడు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "చుక్కమ్మ ఎలా ఉంది?"

దాని పని అయిపోయిందని లాయంలో అందరూ తేల్చేశారు. లేవడం లేదు, నీళ్ళు ముట్టడం లేదు. నాకైతే దాని మీద ఇసుమంత జాలి లేదు. అది చస్తే చావనీ, నా తమ్ముణ్ణి నాకివ్వండి అనుకునేదాన్ని. ఆ మాట వాడితో అనగలనా?

"దానికేం, గుండ్రాయిలా ఉంది," అన్నాను. "లేచి తిరుగుతోంది. దాణా తింటోంది. నీకోసం ఎదురుచూస్తోంది."

"నిజంగా?"

"నిజంగారా. నీతో అబద్ధమాడతానా?"

"మూతి చాపుతోందా?"

"చాపకేం? కాపలాదారు మీసం పీకబోయిందట."

వాడు నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చింది. "అక్కా, ఒకవేళ నేను రాకపోతే దాన్ని నువ్వే చూసుకోవాలి. నీ మరదలే కదా."

"నోర్ముయ్. వచ్చి నువ్వే చూసుకో."

"చూసుకుంటానని అను."

"సరేరా, చూసుకుంటాను."

ఆ తర్వాత వాడికి మనుషుల ఆనవాలు తెలియలేదు. గాజు మీద కొట్టాను. పేరు పెట్టి పిలిచాను. చిన్నప్పటి ముద్దు పేర్లన్నీ పిలిచాను. నర్సు ఫోను వాడి చెవి దగ్గర పెట్టింది. ఏం మాట్లాడాలో తోచక, చుట్టూ ఎవరున్నారో కూడా చూడకుండా టక్‌టక్‌మన్నాను. వాడి పెదాలు కొంచెం విడివడ్డాయి. ముద్ద కోసమే అనుకుంటాను. పెట్టడానికి నా చెయ్యి గాజుకు ఇవతల ఉండిపోయింది.

మావాడు మూసిన పెట్టెలో పోయాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

చుక్కమ్మ లేచి నిలబడింది ఆ వారంలోనే. నీళ్ళు తాగింది, దాణా తింది. నేనాడిన అబద్ధమంతా పొల్లుపోకుండా నిజమై కూర్చుంది. ఆ కబురు వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు తిట్టొద్దామనే బయల్దేరాను. పాత షెడ్డుకు దూరంగా కంచె కట్టారు. దాని బయట నిలబడి నోరు తెరిచాను. అది నన్ను చూడనే లేదు. నా వెనక ఉన్న గేటు వైపు చూస్తోంది. చిక్కి సగమైంది, జూలు జడలు కట్టింది, అయినా చెవులు మాత్రం గేటు వైపే నిక్కించి ఉన్నాయి. తిట్టొద్దామని వచ్చినదాన్ని అక్కడే చతికిలబడ్డాను. వాడు వస్తాడని ఇంకా చూసే ప్రాణి ఈ లోకంలో అదొక్కటే మిగిలింది.

ఆనాటి నుంచి రోజూ వెళ్ళేదాన్ని. కంచె బయట పీట వేసుకుని గుండీలు కుడుతూ దానితో లోకాభిరామాయణమంతా చెప్పేదాన్ని. చొక్కా సంగతి క్షమించేశానని కూడా చెప్పాను. యజమాని కాళ్ళూ గడ్డం పట్టుకునైనా సరే, దాన్ని నా దగ్గరే ఉంచుకోవాలని నిశ్చయించుకున్నాను.

అప్పుడు డాక్టరమ్మ మా ఇంటికొచ్చింది. మంచినీళ్ళిస్తే తాగకుండా గ్లాసు పట్టుకు కూర్చుంది.

"చుక్కమ్మకు తగ్గిందక్కా, నిజమే. కానీ ఆ వైరస్ ఒంట్లో ఎక్కడైనా దాక్కుందేమో, మళ్ళీ ఎప్పుడైనా బయటపడుతుందేమో ఎవరికీ తెలియదు. అలాంటి గుర్రాన్ని ఉంచకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది."

"ఉంచకూడదంటే?"

ఆవిడ తల దించుకుంది.

"తెలియకపోతే చంపెయ్యడమేనా?" అని లేచాను. "మావాడు బతుకుతాడో లేదో కూడా ఎవరికీ తెలియదన్నారుగా! అందరినీ చంపి కూర్చోండి! ముందు ఆ గబ్బిలాల చెట్లకు నిప్పు పెట్టండి, పీడ పోతుంది!"

"వాటికి అది జబ్బు కాదక్కా. ఎన్నో తరాలుగా వాటి ఒంట్లో పడి ఉంది. తరిమితే బెదిరి, ఆకలికి నకనకలాడి ఇంకా ఎక్కువ రాలుస్తాయి. ఇంకో చోట ఇంకో లాయం మీద వాలతాయి."

"మరి ఇదేం పాపం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు." గ్లాసు కింద పెట్టింది. "మీ తమ్ముడు మాస్కు ఎందుకు తీశాడక్కా?"

నేను మిషను ముందు కూర్చుని బట్ట అందుకున్నాను.

"అది బెదురుతోందని తీశాడు. రేపు దాన్ని చూసుకునేవాళ్ళూ తీస్తారు. ప్రేమున్నవాళ్ళయితే తప్పకుండా తీస్తారు. మీరే ఉన్నారు. మీరు తియ్యరా?"

తీస్తాను. పైకి అనలేదు గానీ ఆవిడకు తెలిసిపోయింది. మిషను మీది బట్టలో ముఖం దాచుకుని ఏడ్చాను. ఆవిడా ఏడ్చింది. ఏడవకపోయి ఉంటే మెడపట్టి బయటికి గెంటేదాన్ని.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "అది మమ్మల్నెవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. దూరం నుంచి సూది విసిరితే బెదిరి పరిగెత్తి నానా హింసా పడుతుంది. నెమ్మదిగా నిలబెట్టేవాళ్ళు ఎవరైనా..."

"చూసుకుంటానని మాటిచ్చాను," అన్నాను. "నేనే వస్తాను."

నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్ల ప్లాస్టిక్ తొడిగారు. రెండు జతల చేతితొడుగులు, మాస్కు, దాని మీద ముఖానికి అద్దం. డాక్టరమ్మ నా వెనకే నడిచింది. మమ్మల్ని చూడగానే చుక్కమ్మ చెవులు వెనక్కి వాల్చి గోడకు అతుక్కుపోయింది. ఒళ్ళంతా వణుకు. రోజూ కంచె అవతల గుండీలు కుట్టే మనిషిని ఈ వేషంలో ఎలా పోల్చుకుంటుంది?

"నేనేనే మరదలా," అన్నాను. ఇంకా వెనక్కి పోయింది. నా చెయ్యి దానంతటదే అద్దం మీదికి వెళ్ళింది.

"అక్కా," అంది డాక్టరమ్మ.

తమ్ముడు ఆ రోజు ఎందుకు ఆగలేకపోయాడో నాకు అప్పుడు బాగా అర్థమైంది. చెయ్యి దించాను. నాలుకను అంగిలికి కొట్టి టక్‌టక్‌మన్నాను. మొదటిసారి సరిగా రాలేదు. మళ్ళీ అన్నాను.

చుక్కమ్మ చెవులు లేచాయి. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. నా భుజాలు వాసన చూసింది, నెత్తి వాసన చూసింది. అంతా ప్లాస్టిక్కే. వాడెక్కడా దొరకలేదు. చివరికి మూతి చాపి నా అద్దానికి ఆనించి ఊదింది. లోకమంతా తెల్లగా అయిపోయింది.

తొడుగుల చేత్తోనే దాని మెడ నిమిరాను. మెడకు రెండోవైపు డాక్టరమ్మ సూది పట్టుకుని ఉంది.

"వాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు," అని చెప్పాను. "లేచి తిరుగుతున్నాడు. నీకోసం ఎదురుచూస్తున్నాడే. నీతో అబద్ధమాడతానా?"

దాని తల బరువెక్కి నా భుజం మీదికి వచ్చింది. మోయగలిగినంతసేపు మోశాను. తర్వాత దానితోపాటు నేనూ కూలబడ్డాను.

వాళ్ళు నన్ను లేపి బయటికి తెచ్చేసరికి, అద్దం మీద దాని ఊపిరి ఇంకా పూర్తిగా ఆరలేదు. మా తొడుగుల మీద క్రిములు చచ్చే మందునీళ్ళు కొట్టే అతను వచ్చాడు. కాసేపు ఆగు బాబూ అనబోయాను. అతని పని అతను చెయ్యాలి కదా అని ఊరుకున్నాను.

"కళ్ళు మూసుకోండమ్మా," అని, ముందు అద్దమే కడిగాడు.