మునెమ్మ చోటు

మునెమ్మ పడిపోయినప్పుడు బెల్టు ఆగలేదు.

ఐరాల దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అది. బెల్టుకు రెండు పక్కలా ఆడవాళ్లు నిలబడి తోతాపురి కాయల ముచ్చికలు కోస్తారు. ఎవరైనా నీళ్లు తాగడానికి పోతే పక్కనున్న ఇద్దరూ చెరొక అడుగు జరిగి ఆ చోటు పూడుస్తారు. కోయని కాయ ముందుకు పోతే వరసంతటికీ తిట్లు. ఎవరూ నేర్పకుండానే పట్టుబడిన అలవాటు.

ఆవిరి ఉక్కకు మునెమ్మ కళ్లు తేలేసి కూలబడింది. ఇటు రూపశ్రీ, అటు ప్రసన్నకుమారి. ఇద్దరూ చెరొక అడుగు జరిగారు. చోటు పూడింది.

"అన్నా, మునెమ్మ పడిపోయింది! వ్యాను పంపీ, ఆస్పత్రికి పోవాల," అని వెనక వరసలో ఎవరో అరిచారు.

కాంట్రాక్టరు దామోదరం గేటు దగ్గరే నిలబడి చూశాడు. "వ్యాను లోడుకు పోవాల. నీళ్లు సల్లండి, లేస్తాది. కాయలు సూడండి మే!"

షిఫ్టు దిగాక ఆటోలో చిత్తూరు తీసుకుపోయారు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బతికేదని డాక్టరమ్మ చెప్పింది. రూపశ్రీకి ఏడుపు రాలేదు. మామిడి సొనకు కాలిన వేళ్లలాగే లోపలంతా మొద్దుబారిపోయింది.

శవం దగ్గరికి దామోదరం పూలదండతో వచ్చాడు. "నేనేమన్నా తోసినానా? కొట్టినానా? నేనేం జెయ్యలేదు," అని అందరికీ వినబడేట్టు చెప్పి వెళ్లాడు.

మట్టి చేసి వచ్చాక ఆడవాళ్లంతా మునెమ్మ వాకిట్లోనే కూర్చున్నారు.

"సంపింది వాడే," అంది ప్రసన్నకుమారి.

"మనం లేపలేదు గదక్కా," అంది రూపశ్రీ.

"లేపకపోయేదీ సంపేదీ ఒకటేనా మే? పెద్ద నాయం చెప్పొచ్చినావే!"

"ఒకటి గాదు. వ్యాను వాడి చేతిలో ఉండాది, మన చేతిలో లేదు. కానీ మనం చోటు పూడ్సేసినాం. ఆ వరసలో ఒక మనిషి తక్కువైనట్టే వాడికి కనపడలేదు."

అందరిలోకీ పెద్దదైన పంకజాక్షి కొంగు దులుపుకుని లేచింది.

"రేపు ఆ చోటు పూడ్సొద్దు."

"కాయలు అట్టే పోతాయి గదత్తా? పనిలోంచి పీకేస్తాడు," అంది ఒకామె.

"పోనీ. మునెమ్మే పోయింది."

పొద్దున బెల్టు కదిలింది. మునెమ్మ చోటు ముందరి నుంచి కాయలు ముచ్చికలతోనే సాగిపోయాయి. దామోదరం పరిగెత్తుకొచ్చాడు. "జరగండి మే! కండ్లు పోయినాయా?"

ఎవరూ జరగలేదు. అతను రూపశ్రీ భుజం పట్టి నెట్టాడు. ఆమె కత్తి కింద పెట్టింది. చెయ్యి చాచి గోడకున్న ఎర్ర స్విచ్చు నొక్కింది. అది మొన్న కూడా అక్కడే ఉంది. అంతే దూరంలో.

బెల్టు ఆగింది. ఎప్పుడూ వినని నిశ్శబ్దం.

"నీమింద కేసు పెట్టాల. గేటు కాడ మాకని ఒక బండి ఎప్పుడూ ఉండాల. అందాకా కత్తి పట్టం," అంది. వెనక కత్తులు ఒక్కటొక్కటే కింద పడ్డాయి.

దామోదరం ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చారు.

"ఏం జేసినావు పాపా?" అడిగాడు ఎస్సై.

"మొన్న జెయ్యాల్సింది సార్."

జీపు ఎక్కిస్తుంటే రూపశ్రీ తిరిగి చూసింది. దామోదరం తానే స్విచ్చు వేశాడు. కాయలు మళ్లీ కదిలాయి. బెల్టు పక్కన ఇప్పుడు రెండు చోట్లు ఖాళీ. వాటి పక్కనే ప్రసన్నకుమారి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

ఒక్క అడుగు కూడా జరగలేదు.