నాలుగు కోట్ల ఏళ్ళ ఆకు

మా డైరెక్టరు గారికి కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుంది. నాకు కోపమొస్తే నోరు ఆగదు. ఆ రోజు మ్యూజియం పనిగదిలో రెండూ జరిగాయి.

గొడవంతా మా నాన్న తెచ్చిన అంబర్ ముక్క గురించి. కోట్ల ఏళ్ళ కిందట చెట్టు కార్చిన బంక మట్టిలో కూరుకుపోయి గట్టిపడితే అంబర్ అవుతుంది. నాన్న బతుకంతా గనుల దిబ్బల మీద అవే ఏరాడు. లోపల చిన్న ఆకున్న ఈ ముక్కంటే ఆయనకు ప్రాణం. మర్నాడు తెరవబోయే కొత్త హాలుకు నాన్న పేరే పెట్టారు. నడిమధ్య ఈ ముక్క, దాని కింద ‘నాలుగు కోట్ల ఏళ్ళ ఆకు’ అని పలక. అది నిజమేనని సంతకం పెట్టాల్సింది నేను. వచ్చిన ప్రతి ముక్కా అసలుదో కాదో తేల్చడమే నా ఉద్యోగం.

నాన్న దాన్ని ఉప్పునీళ్ళలో వేస్తే తేలిందట. గాజైతే మునిగేది కాబట్టి అంబరేనని నమ్మాడు. ఏరేవాళ్ళు పడే పొరపాటే అది. నిన్నమొన్నటి బంక కూడా తేలుతుంది మరి! నేను అంచున గోళ్ళరంగు చెరిపే ఎసిటోన్ ఒక చుక్క వేశాను. అసలు అంబరైతే దానికి ఏమీ కాదు. ఇది మెత్తబడి వేలికి అంటుకుంది.

"ఎవరు చూడొచ్చారమ్మా? పెట్టేయ్ సంతకం. కన్నతండ్రి పరువు నువ్వే తీస్తావా?" అన్నారు డైరెక్టరు గారు.

"పెట్టను గాక పెట్టను! మా నాన్న పరువుకు అబద్ధం అక్కర్లేదు. కావాలంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి."

"అయితే ఆయన్నే పిలిపిస్తాను. ఈ మాట ఆయన మొహం మీద అను చూద్దాం."

నాన్న వచ్చాడు. అంత వాగిన నేను ముక్కను మాత్రం ఆయన చేతికిచ్చాను. డైరెక్టరు గారే అంతా చెప్పారు. నాన్న ముక్కను తిప్పి నా చేతిలో పెట్టాడు.

"ఇంకోచోట చుక్క వెయ్యవే."

వేశాను. ఆయనే బొటనవేలు ఆనించాడు. వేలు ఎత్తితే ముక్క కూడా లేచింది. నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"పోనీలెండి, ఇది మనలోనే ఉంచుదాం," అన్నారు డైరెక్టరు గారు.

"ఎందుకుంచాలండీ? నేనేమన్నా దొంగతనం చేశానా?" నాన్న గొంతు గది దద్దరిల్లేలా లేచింది. "ఏడుపాపి పలక మీద రాయవే. కొత్త బంక అని రాయి. అంబరనుకుని పొరబడింది మీ నాన్నేనని కూడా రాయి. నా పేరు పెద్దక్షరాల్లో ఉండాలి."