మూయకుండా వదిలేసిన తలుపు

పొద్దున చాయ్ గ్లాసు కడిగి బోర్లించి, బాలలక్ష్మి పీట తీసుకొని వీధి తలుపు దగ్గర కూసునేది. ఒళ్లో చిక్కుడుకాయల చాట. తలుపు తెరుచుకునేది. కాలితో నెట్టేది. నాలుగు కాయలు ఈనె తీసేలోపు మళ్లా తెరుచుకునేది.

"పెద్దమ్మా, ఇయ్యాల ఏ దేశపోళ్లు?" అని ఎదురింటి జమున బట్టలు ఆరేసుకుంట అడిగేది.

"ఏ దేశమైతేందే? తెరుసుడు తెలిసినోళ్లకు మూసుడు తెల్వది. కన్నోళ్లు నేర్పలే."

కరీంనగర్‌ల ఆ గల్లీకి ఇది వింత కాదు. ఒకరింట్ల నల్లా కారుతది, వీళ్లింట్ల తలుపు తెరుచుకుంటది. కారణం కూడా అందరికీ ఎరుకే. కోడలు పద్మలత రాసిన లైబ్రరీ. పుస్తకాలుండే లైబ్రరీ కాదు, వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో తెచ్చి పెట్టుకునే తయారు కోడు. కొన్ని ఫైళ్లు డబ్బాల లెక్క ఉంటయి. లోపల బొమ్మలు, చప్పుళ్లు, కొలతలు అరలరలుగా సర్ది, మనిషి కంటికి అందని అంకెలల్ల మూటగట్టి ఉంటయి. ఆ డబ్బాను విప్పి చదవాలన్నా, మళ్లా సర్ది రాయాలన్నా పద్మలత కోడు పనికొస్తది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. తీసుకున్నరు. ప్రపంచంల ఏ మూల ఎవరు దాంతో ఫైలు తెరిచినా ఈ తలుపు తెరుచుకునేది. పని కాంగనే ఫైలు మూస్తే తలుపు కూడా మూసుకునేది. అంత మర్యాద ఎందరికుంటది?

మంచిగ చేసినవమ్మా అని రాసినోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత గూడ లేరు. 'మా పని ఆగింది, వెంటనే బాగుచెయ్యి' అని రాసేటోళ్లు మాత్రం రోజూ ఉంటరు. ఇంట్ల అంట్లు తోమే మనిషికైనా పండుగకు చీర పెడతరు. పద్మలత అన్నం వార్చి, తడిచేతులు కొంగుకు తుడుచుకొని, లాప్‌టాప్ ముందట కూసొని బాగుచేసేది. పెండ్లితోటి ఆమె ఉద్యోగం పోయింది. ఇంట్ల 'పిల్లా', గల్లీల 'ఓంప్రకాశ్ పెండ్లాం'. పద్మలత అనే పేరు నిలిచింది ఒక్కకాడనే, ఆ కోడు మొదటి వరుసల.

ఓంప్రకాశ్ గ్రానైట్ ఆఫీసుల పనిచేస్తడు. తలుపుకు తాళమేసి చూసిండు. తాళంతోటే తెరుచుకున్నది. వడ్రంగి లచ్చయ్యను పిలిచి పలకలు అడ్డం కొట్టించిండు. లచ్చయ్య సుత్తె కింద పెట్టకముందే పలకలూడొచ్చినయి. "నా మేకులు నాకియ్యున్రి," అని ఏరుకొని పోయిండు లచ్చయ్య. అప్పటినుంచే తల్లిని కాపలా కూసోబెట్టిండు.

ఒక ఆదివారం బాలలక్ష్మి బియ్యం కడగ లోపలికి పోయింది. బనీను, చెడ్డీ మీద ఓంప్రకాశ్ గడ్డం గీసుకుంటుండు. తలుపు భళ్లున తెరుచుకున్నది. గల్లీల పోతున్న ఆయన ఆఫీసు మేనేజర్ జైపాల్‌రావు బండి ఆపి, పైనుంచి కిందికి చూసి, "మీ ఇంటికి గాలి మస్తుగొస్తదే!" అని నవ్వుకుంట పోయిండు.

అన్నం ముందర కూసొని ఓంప్రకాశ్ అన్నడు, "గా లైబ్రరీ తీసెయ్."

"తీసేస్తే నాకేం మిగుల్తది?"

"ఉంచితే నాకేం మిగుల్తది? ఆఫీసుల మొఖం ఎట్ల సూపియ్యాలె?"

"ఆయన సూసింది మొఖం కాదు గదరా," అన్నది బాలలక్ష్మి తలుపుకాణ్నుంచి.

"నువ్వు సప్పుడు జెయ్యకవ్వా. నిన్ను గీడ కూసోబెట్టిందెందుకు?" పెండ్లాం దిక్కు తిరిగిండు. "పొద్దుగూకే వరకు టైము."

పద్మలత లాప్‌టాప్ ముందట వేళ్లు ముడుచుకొని కూసున్నది. అత్త చాట పక్కకు పెట్టింది.

"అంత గొప్పదా పిల్లా, గా డబ్బాల ముచ్చట?"

"గొప్పది కాదత్తమ్మా. నేను జేసింది, గంతే."

"నేను జుట్టిన బీడీలు ఎన్ని మూతులు కాలవెట్టినయో. ఏ కట్ట మీద నా పేరున్నది?" అని బాలలక్ష్మి తలుపును కాలితో తన్నింది. అది నెట్టుడు కాదు, తన్నుడే.

పొద్దుగూకింది. మొగడు వెనక నిలబడి చూస్తుంటే పద్మలత తీసేసింది. పేరు పోయింది, దాని కింద రాసిందంతా పోయింది. ఓంప్రకాశ్ తలుపు దగ్గరికి పోయి, వీపు ఆనించి, మీసం దువ్వుకున్నడు. తలుపు ఆయన్ను లోపలికి నెట్టి తెరుచుకున్నది.

"నన్నే మోసం జేస్తున్నవా? తీసెయ్యలే నువ్వు."

"తీసేసిన. ఇదివరకే తీసుకున్నోళ్ల దగ్గర నకళ్లుంటయి. వాళ్ల చేతులల్లకెల్లి నేనెట్ల గుంజుకోను?"

ఓంప్రకాశ్ లాప్‌టాప్ ఎత్తి నేలకేసి కొట్టిండు. అక్షరాల మీటలు మంచం కిందికి దొర్లినయి. తలుపు మళ్లా తెరుచుకున్నది. పద్మలత చీపురు తెచ్చి ఊడ్చింది.

తెల్లారి ఓంప్రకాశ్ ఆఫీసుకు పోయినంక బాలలక్ష్మి ఎప్పటిలెక్కనే పీటేసుకున్నది. నలభై ఏండ్లు ఆ ఇంట్ల ఉండి ఆమె వీధిని చూసింది తక్కువ. ఈ కాపలా కూసున్నకాణ్నుంచే రోజూ చూసింది. జమున ఎవర్నీ అడగకుండ చెప్పులేసుకొని పోవుడు చూసింది. తనకన్న ముసలోళ్లు సంచి పట్టుకొని బస్టాండు తొవ్వ పట్టుడు చూసింది.

తలుపు తెరుచుకున్నది. కాలు కదపలే.

"అత్తమ్మా, తలుపు!" అన్నది పద్మలత వంటింట్లకెల్లి.

"సూస్తున్న."

లేచి, రెండు చీరెలు, ఆధార్ కార్డు సంచిల ఏసుకున్నది. ఆడోళ్లకు బస్సు కిరాయి లేదాయె.

"యాడికత్తమ్మా?"

"లక్సెట్టిపేట. మా చెల్లె ఇంటికి."

"మళ్ల ఎప్పుడొస్తవు?"

"ఎందుకొస్తనే?" చెప్పుల్లో కాళ్లు పెట్టి ఆగింది. "నువ్వు గూడ రా."

పద్మలత గడప దాక వచ్చింది. చేతిల గంటె. "పొయ్యి మీద పప్పున్నదత్తమ్మా."

బాలలక్ష్మి జాలిగ చూడలే, కోపంగనే చూసింది. "నలభై ఏండ్లు నా పొయ్యి మీద గూడ ఏదో ఒకటి ఉండె."

పోయింది. పద్మలత ఉరికి పప్పు దించింది. మాడనే లేదు. మళ్లా వచ్చేసరికి గల్లీ మలుపుల ఎవరూ లేరు.

పొద్దుగూకినంక ఓంప్రకాశ్ వచ్చి ఖాళీ పీటను చూసిండు. "అవ్వ ఏది?"

"పోయింది. మీ చిన్నమ్మ ఇంటికి. మళ్లొస్తనని చెప్పలే."

ఆయన పీటను కాలితో ఆమె దిక్కు జరిపిండు. "ఇగ నువ్వు కూసో గీడ."

పద్మలత కూసున్నది. ఎక్కడో, ఆమె పేరు ఎన్నడూ విననోళ్లు ఎవరో ఒక ఫైలు తెరిచిండ్రు.

"తలుపు పెట్టవే, దోమలొస్తున్నయి," అన్నడు లోపల్నుంచి.

పెట్టింది. చెయ్యి తియ్యకముందే మళ్లా తెరుచుకున్నది.