రెండు వరసలు

చర్చివాళ్ల ఆదరణ కూడిక అయిన మర్నాడు రాజోలులో ఫొటో స్టూడియో తలుపులు తీయించింది హేమ. భర్త జయప్రకాష్ పోయిన రోజున, కూడిక దాకా కొట్టు తెరవకూడదని, బావగారు దానియేలు లోపలి ప్లగ్గులన్నీ పీకేసి తాళం వేశారు. ఇప్పుడు మళ్లీ ఆయనే అన్నీ పెట్టారు. ఫ్యాను తిరిగింది, లైట్లు వెలిగాయి. కంప్యూటర్ మాత్రం డిస్కు లేదు, పెట్టమని నల్లటి తెర మీద ఓ ఇంగ్లీషు ముక్క చూపించి ఊరుకుంది.

హేమకు ఏమీ అనిపించలేదు. ఈమధ్య కాఫీలో పంచదార వేసిందో లేదో తాగాక కూడా ఆమెకు తెలియడం లేదు.

బెంచీ మీద మామిడికుదురు దుర్గమ్మ కూర్చుని ఉంది. జయప్రకాష్ ఆఖరుగా తీసింది ఆవిడ కూతురు తులసి పెళ్లి. అల్లుడు సెలవైపోయి కువైట్ వెళ్లిపోయాడు. తులసి వీసా కాగితాలతో పెళ్లి ఫొటోలు పెట్టాలి.

"పోయినాయన్ని తొందరపెట్టలేం గదమ్మా, నిన్నే పెట్టాలి," అనేసి నాలిక్కరుచుకుంది దుర్గమ్మ.

"పర్లేదండీ," అంది హేమ. కూడికలో విన్న మాటలన్నిటికంటే అదే తేలిగ్గా ఉంది.

కంప్యూటర్లు బాగుచేసే సాయిబాబు అమలాపురం నుంచి వచ్చి పెట్టె పక్క రేకు విప్పాడు.

"రెండు డిస్కుల్లోనూ ఉన్నది పాడైనట్టుందండి. ఒకదాన్ని తిన్నగా లోపలి బోర్డుకి తగిలించి, తుడిచేసి, విండోస్ కొత్తగా ఎక్కిస్తాను. సాయంత్రానికి కొట్టు నడిచిపోద్ది."

"ఫొటోలో?"

"అవి పోతాయండి."

"కానియ్యమ్మా, కొట్టు ముఖ్యం గదా," అన్నారు దానియేలు.

"అయితే మళ్లీ పెళ్లి చెయ్యమంటారా ఏంటండీ?" అంది దుర్గమ్మ. "పెళ్లికొడుకు కువైట్లో ఉన్నాడాయె!"

సాయిబాబు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"ఉండండి. ఇంకోసారి ఆన్ చెయ్యండి," అంది హేమ.

ఓసారి డిస్కు పాడై ఒక పెళ్లి మొత్తం పోయి, ఆ ఇంటివాళ్లచేత నానా మాటలూ పడ్డాడు జయప్రకాష్. ఆ తర్వాతే విడిగా ఓ కార్డు కొని బోర్డు మీద గుచ్చి, డిస్కులు రెండూ దానికే తగిలించాడు. ఒకదాని మీద రాసిందల్లా ఆ కార్డు రెండోదాని మీదా రాసేది. పొద్దున్నే హేమ టీ తెచ్చేసరికి తెర మీద రెండు వరసలు కనబడేవి, డిస్కుకొకటి. "ఇద్దరూ ఉన్నారు," అని అప్పుడు గ్లాసు అందుకునేవాడు.

తెర వెలిగింది. రెండు వరసలూ వచ్చాయి.

"ఇద్దరూ ఉన్నారు," అంది హేమ. గొంతు మామూలుగానే ఉంది. "కార్డుకి కనబడుతున్నాయి గదండీ. మరి డిస్కు లేదంటున్నదెవరు?"

సాయిబాబు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లాడు. అక్కడ తారీఖు రెండువేల సంవత్సరం జనవరి అని ఉంది. అయిదేళ్ల కిందటిది. అప్పుడు ఆయన ఉన్నారు, అనుకుంది హేమ. ఆ తలపు కూడా పక్కింటివాళ్ల సంగతిలా వచ్చిపోయింది.

"ఆయ్, మీరన్నది నిజమేనండి. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. ప్లగ్గులో కరెంటుండబట్టి ఇన్నాళ్లూ అన్నీ గుర్తున్నాయి. పీకేసరికి, తారీఖుతోబాటు ముందు కార్డునడగాలన్న సంగతీ బోర్డు మర్చిపోయింది. తన డిస్కు కోసం తనే వెతుక్కుంటంది. తనకి డిస్కెక్కడుందండీ?"

"నేనే పీకేను," అన్నారు దానియేలు మెల్లగా.

సాయిబాబు కొత్త బ్యాటరీ వేసి, ముందుగా కార్డునే అడిగేలా సెట్టింగు మార్చాడు. రెండు వరసలూ కనబడి వెళ్లిపోయాక విండోస్ వచ్చింది. జయప్రకాష్ పెట్టుకున్న చోటే తులసి పెళ్లి ఉంది. తలంబ్రాల ఫొటో చూసి దుర్గమ్మ గట్టిగా ఏడ్చేసింది. హేమ ఆవిడకు మంచినీళ్లిచ్చి, ఫొటోలు సీడీలోకి ఎక్కించమని సాయిబాబుకి చెప్పింది.

కొట్టు మూసే వేళకి సముద్రం వైపునుంచి ఉరుము వినిపించింది. దానియేలు ఒక్కొక్క ప్లగ్గే పీకుతూ కంప్యూటర్ దగ్గరికి వచ్చారు.

"అదొక్కటీ ఉంచండి బావగారూ."

"కొత్త బ్యాటరీ వేసేరు గదమ్మా. ఇంక పీకినా ఏం కాదు."

"తెలుసండీ," అంది హేమ. "ఉంచండి."