మాలతి పాతచీర

ఆదివారం మస్కట్ నుంచి ఫోన్ చేసినప్పుడు మా యామిని మొదట నా ఆరోగ్యం అడుగుతుంది. రెండో మాట వాళ్ల అత్త గురించే.

"అత్తమ్మ పంపిన పల్లీల పొడి అయిపోయింది నాయినా. ఇక్కడోళ్లంతా ఇంకా కావాలంటున్నరు."

నేను పంపిన నువ్వుల ముద్దల సంగతి తనంతట తాను ఎత్తదు. అడిగితే "బాగున్నయ్" అంటుంది. అవి గద్వాల బజారులో కొన్నవని ఆమెకు తెలిసే ఉంటుంది.

అయితే 2006 వానాకాలంలో ఒకసారి యామిని నన్నే అడిగింది. నెలలు నిండుతున్నాయి, డాక్టరు విమానం ఎక్కొద్దంది, కాన్పు అక్కడే. మావాళ్లలో పుట్టిన బిడ్డను కొత్తబట్టలో పెట్టరు. ఇంటి పెద్ద ఆడమనిషి కట్టి విడిచిన పాతచీరలో చుడతారు. "అమ్మ చీర ఒకటి పంపు నాయినా" అంది. నా భార్య మాలతి పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ రోజంతా నాకు నేల మీద కాలు నిలవలేదు.

మర్నాడు తెలిసింది, తెలకపల్లిలో ఉన్న వియ్యపురాలు జోగమ్మ కూడా తన చీర పంపుతోందని. మూట విప్పేది అల్లుడు విజయ్. ముందు ఏది చేతికొస్తే దాంట్లో చుట్టేస్తాడు. వాళ్లమ్మ చీర చూశాక నా మూట వైపు తిరుగుతాడా?

మాలతి ఇంట్లో కట్టుకున్న నీలం నూలుచీర తీశాను. మా నాయిన మగ్గం మీద నేసిందది. ఉతికి, గంజి పెట్టి, నీడలో ఆరేసి, మడతలు సరిచేశాను. మా ఇంట్లో గంజి పెట్టకుండా చీర మడిచినవాళ్లు లేరు. అట్టలా నిలబడింది. చూసి తృప్తిపడ్డాను.

జోగమ్మ పక్కింటి సామ్యూల్ మస్కట్‌లో డ్రైవరు. సెలవు అయిపోయి తిరిగి వెళుతున్నాడు. ఒక్క మూటే తీసుకుపోతానన్నాడు కాబట్టి నేనే వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా బస్సులు మారి సాయంత్రానికి తెలకపల్లి చేరాను. జోగమ్మ చీర అందుకుని, వేళ్లతో ఒకసారి రుద్ది లోపల పెట్టింది. ఆ రుద్దడం నాకు నచ్చలేదు. వాళ్లు మగ్గం మాని సేద్యంలోకి దిగి రెండు తరాలైంది, చీర విలువ ఈమెకేం తెలుసనుకున్నాను.

పొద్దున లేచి చూస్తే మాలతి చీర వాకిట్లో తీగ మీద నీళ్లు కారుతోంది. పైన మబ్బు. సామ్యూల్ బయలుదేరేది మధ్యాహ్నమే.

"ఏంది చెల్లె ఇది? ఎండదని తెలిసే తడిపినవా?" అన్నాను.

"నీకు జర బుద్ధి ఉందా అన్నా! గంజి పెట్టి అట్ట లెక్క చేసి తెస్తివి. నా చెయ్యే గీసుకపాయె, పసిబిడ్డ తోలు ఏం గావాలె?"

తీగ మీది చీర అంచు పట్టుకుని చూశాను.

"మీ గద్వాలోళ్లకు చీర నిలబడాలె. పిల్లకు మెత్తగ పండుకునేది గావాలె. ఏం గంజన్నా అది! ఎన్ని నీళ్లు పోసినా తెల్లగనే కారుతది. ఇంటికొచ్చిన సుట్టాలందరికి తాగపోయొచ్చు."

"ఇప్పుడెట్ల ఎండుతది?"

"నన్నడుగుతవేంది? నేసేటోళ్ల బిడ్డవు నువ్వు."

చీర దించి ఒక కొస ఆమెకిచ్చి, రెండో కొస నేను పట్టుకున్నాను. గాలికి అడ్డంగా బిగపట్టి ఊపాం. సామ్యూల్ వచ్చి మమ్మల్ని చూసి గడపలోనే నిలబడి నవ్వాడు. మబ్బు కాస్త విడిచి, ఎండ చీర మీదే పడ్డట్టు పడింది. అంచు ఒక్కటే కొంచెం చెమ్మగా మిగిలితే జోగమ్మ దాన్ని పొయ్యి దగ్గర వెచ్చబెట్టింది.

మూట కట్టేటప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. అడుగున పల్లీల పొడి డబ్బా, దాని మీద ఆమె చీర, అన్నిటికన్నా పైన మాలతి చీర.

"పైన ఉన్నదే ముందల చేతికొస్తది. ఇగ మొఖం గట్ల పెట్టకు" అంది.

సంతోషించాలి నిజానికి. కానీ బస్సులో నాగర్‌కర్నూల్ దాటేదాకా ఒకటే మనసులో మెదిలింది. ఆ మంచితనం కూడా ఆమెకే దక్కింది.

ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వచ్చింది.

"అమ్మ చీరలనే చుట్టినం నాయినా. వెన్న లెక్కుంది. అత్తమ్మ కష్టపడి ఉతికిందంట గద, సామ్యూలన్న చెప్పిండు."

"ఎండబెట్టింది నేను" అన్నాను.

"ఏంది నాయినా?"

"ఒక కొస పట్టుకున్నది నేను. అది చెప్పలేదా సామ్యూల్?"

యామిని పకపకా నవ్వింది. ఆ చప్పుడుకు పాప లేచి ఏడిచింది. ఆ ఏడుపు అంత దూరం నుంచి స్పష్టంగా వినిపించింది. తల్లి ఊరుకోబెట్టేదాకా ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను.

తర్వాత చెప్పులు వేసుకుని బజారుకు పోయి పల్లీలు కొన్నాను. ఎంతసేపు వేయించాలో పక్కింటి బాలనాగమ్మను అడగాలనుకున్నాను.