ముందు ఫొటో

పల్లెటూరి ఆడవాళ్లను వ్యాపారవేత్తలుగా తీర్చిదిద్దే ఆ సంస్థలో అందరికీ ఏదో ఒక హోదా ఉంది. ఊళ్లు తిరిగి కాగితాల మీద సంతకాలు పెట్టించుకొచ్చే ఆవిడకు మాత్రం సంతకాలమ్మ అన్న పేరొక్కటే దక్కింది. పదకొండేళ్లుగా దాంతోనే నెట్టుకొస్తోంది.

ఆ ఏడు వార్షిక నివేదిక అట్ట మీదికి సబ్బులావిడను ఎంచుకున్నారు. ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో. తర్వాత ఫొటోకు లోటు లేదు. తెల్లటి టైల్స్ గది, వరసగా అచ్చులు, తలకు టోపీలు పెట్టుకున్న ఇద్దరు పనివాళ్లు. ముందు ఫొటోయే లేదు. ఎలా ఉంటుంది? ఆ గది ఆవిడ సొంతంగా కట్టుకున్నాకే సంస్థవాళ్లు ఆవిడను కనిపెట్టారు. రెండ్రోజులు ఆత్మవిశ్వాసం మీద శిక్షణ ఇచ్చి, సంస్థ పేరున్న సంచీ ఒకటి చేతిలో పెట్టి, మా మనిషి అనేసుకున్నారు.

దానికేముంది, ఇప్పుడు తీద్దాం అన్నారు డైరెక్టరు మేడం. పక్కింటి పశువుల కొట్టం, చిరుగుల బట్టలు, మసిబారిన కుండ, అన్నీ సిద్ధం చేయించారు.

సబ్బులావిడ ఇవాళ కుదరదంది. మూడింటికి పట్నం నుంచి హోటల్ మేనేజరు వస్తున్నాడు. సబ్బులు తయారయ్యే చోటు నచ్చితే ఏడాది పొడవునా వాళ్ల హోటళ్లన్నిటికీ ఈవిడ సబ్బులే. సంతకాలమ్మ బతిమాలింది.

"పదకొండింటికల్లా అయిపోతుంది చెల్లీ. నా మాట నమ్ము."

ఆ మాటకు సబ్బులావిడ మెత్తబడింది.

పదకొండింటికి ఎండ దివ్యంగా కాసింది. అదే వచ్చిన చిక్కు. పేదరికం మీద అంత వెలుగు పడితే దాతల గుండె కరగదట. మబ్బు కోసం కూర్చున్నారు. పన్నెండైంది, రెండైంది. సంతకాలమ్మ గడియారం చూస్తూనే ఉంది గానీ నోరు విప్పలేదు. మేడం ముందు ఆ అలవాటు లేదు. మూడు కావస్తుండగా మబ్బు పట్టింది. సబ్బులావిడ బుగ్గలకు మసి పూసి, కుండలో సబ్బు కలుపుతున్నట్టు కూర్చోబెట్టి, ఇంకొంచెం దిగులుగా చూడమ్మా అంటున్నారో లేదో, ఆవిడెక్కడని దారిలో అడిగి తెలుసుకున్న మేనేజరు నేరుగా కొట్టానికే వచ్చాడు.

పేడ చూశాడు, కుండ చూశాడు, వెనక్కి తిరిగాడు. సంతకాలమ్మ కారు దాకా పరుగెత్తింది. ఇదంతా ఫొటో కోసం ఆడిన నాటకమని, అసలు గది అద్దంలా ఉంటుందని, ఒక్కసారి వచ్చి చూడమని ఒగరుస్తూ చెప్పింది.

"ఇంత నాటకం ఆడినవాళ్లు ఆ గదితో మాత్రం ఆడరని ఏంటమ్మా నమ్మకం?" అని ఆయన కారు తలుపేసుకున్నాడు.

సంతకాలమ్మకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి వచ్చేసరికి మేడం కెమెరాలో ఫొటో చూసుకుని మురిసిపోతున్నారు. కారు కదిలిన క్షణంలో పడిందట. అంత సహజమైన దిగులు నేర్పినా రాదట. సంతకం తీసుకోవడం మరిచిపోవద్దని చెప్పి వ్యాను ఎక్కారు.

'ఈ సంస్థ రాకపోయుంటే నేను ఇవాళ ఇలా ఉండేదాన్ని కాదు' అని ఆ కాగితం మీద అచ్చేసి ఉంది. పొద్దున సబ్బులావిడ అది చదివి, అబద్ధం మీద సంతకం పెట్టనని తిప్పి ఇచ్చేసింది. ఇప్పుడు దాన్ని సంచీలోంచి తీయడానికి సంతకాలమ్మకు చెయ్యి రాలేదు. సబ్బులావిడే అడిగి తీసుకుని, మసిచేత్తోనే సంతకం పెట్టింది.

"ఇప్పుడు నిజమే కదక్కా," అంది.