నూట అరవై తొమ్మిదో భాగహారం

ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగినప్పుడు, అక్క తమ్ముడి చొక్కా పట్టుకుని వంగమంది.

"పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు. రాసుకో. నేను బయటికొచ్చేసరికి విడగొట్టి పెట్టు."

"ఇప్పుడు లెక్కలేంటక్కా?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడురా, మొద్దూ?"

ఆమె ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. అతను లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఇద్దరూ పెళ్లి ఊసెత్తకుండానే రెండు గదుల ఇంట్లో నెట్టుకొచ్చారు. అన్నాల దగ్గర ఆమె ఓ సంఖ్య విసిరేది. ఏ రెండు సంఖ్యల్ని గుణిస్తే అది వస్తుందో అతను చెప్పాలి. దారి కూడా ఆమే నేర్పింది: రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు... ఇలా మరి దేనితోనూ తెగని సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ పోవడమే. ఈ సంఖ్యకైతే దాని వర్గమూలం, అంటే సుమారు వెయ్యి పదకొండు దాకా వెళితే చాలు. అప్పటికీ తెగకపోతే ఇక ఎప్పటికీ తెగదు.

వరండాలో బల్ల మీద కూర్చుని మొదలుపెట్టాడు. రెండు వందల పదకొండు దగ్గరికొచ్చేసరికి శేషం ముప్పై మూడు. అది రాస్తుండగానే డాక్టరు బయటికొచ్చాడు.

"గుండె తట్టుకోలేదండీ," అన్నాడు.

ఆ కాగితం నాలుగు నెలలు అలమరలో పడి ఉంది. ఇంట్లో మాటన్నది లేకుండా పోయింది. ఓ సాయంత్రం పని నుంచి వచ్చి, ఏం తోచక కాగితం తీశాడు. రోజుకి మూడు నాలుగు చొప్పున నెల దాటింది. తొమ్మిది వందల తొంభై ఏడుతోనూ తెగలేదు. ఇక మిగిలింది ఒక్కటే, వెయ్యి తొమ్మిది.

అక్కడ చెయ్యి ఆగిపోయింది. అదీ అయిపోతే అక్క చెప్పిన పని అయిపోయినట్టే. మూడు రోజులు కాగితం వైపు చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం మనసు రాయి చేసుకుని భాగించాడు. శేషం సున్నా. వెయ్యి తొమ్మిది ఇంటూ వెయ్యి పదమూడు!

శేషాలన్నీ మొదటి నుంచి మళ్లీ చూసుకున్నాడు. నూట అరవై ఎనిమిది భాగహారాలు వృథాగా పోయి, చిట్టచివరి దానికి తెగే సంఖ్య. అది నోటికొచ్చింది కాదు, పక్కపక్కనే వచ్చే తెగని సంఖ్యలు రెండు ఏరి గుణించి తయారుచేసింది. ఆపరేషన్‌కి నాలుగు గంటలు పడుతుందన్నారు. అక్క నాలుగు గంటలకి సరిపడా పని అప్పజెప్పి వెళ్లింది, తమ్ముడు భయంతో బిక్కచచ్చిపోకుండా.

"ఎంత పని చేశావక్కా!" పైకే అనేశాడు. నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది.

మర్నాడు పనిలో మేస్త్రీతో అన్నాడు, "మొత్తానికి విరిగిందండీ."

"ఏంటి, మళ్లీ టూలా?"

"కాదండీ, సంఖ్య."

మేస్త్రీ అతని మొహంలోకి ఓసారి చూసి, "కాసేపు కూర్చో," అని వెళ్లిపోయాడు.

అతను డ్రాయింగు కాగితం వెనక వెయ్యి పంతొమ్మిదినీ వెయ్యి ఇరవై ఒకటినీ గుణించాడు. పది లక్షల నలభై వేల మూడు వందల తొంభై తొమ్మిది. గట్టి సంఖ్యే. ఎవరికివ్వాలో తెలియలేదు. కాగితం మడిచి, చేతులు తుడుచుకుని, మిషన్ ఆన్ చేశాడు.